అయిదుగురి ప్రాగ్ చిట్టా

ఒక శనివారం, ఒక ఆదివారం. మనిషికి 69 యూరోలు. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు రాసుకున్న ఖర్చుల పద్దులో ఊరి గురించి కొంత, స్నేహం గురించి ఇంకొంచెం ఎక్కువ ఉంది.

'పదివేలలో యూరప్' అన్న శీర్షిక ముందే ఖాయమైపోయింది. దాని కింద రాయాల్సిందే మిగిలింది. స్నేహితులతో శని, ఆదివారాల్లో చౌకగా చుట్టి రాగల ఊరొకటి పట్టుకోమని ఎడిటర్ గారు పురమాయించారు. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్ళిపోవాలి.

ఇలాంటి కథనాలంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. పదివేలు అంటారు గానీ అందులో విమానం టికెట్ ఉండదు. హైదరాబాద్‌లో ఎక్కేవాళ్ళకు షెంగెన్ వీసా రుసుమే 90 యూరోలు. 2024 జూన్ నుంచి ఉన్న ధర అది. ఊరు దాటకముందే ఎనిమిది వేలు పైచిలుకు అక్కడే పోతాయి. కాబట్టి ఈ శీర్షిక నిజం కావాలంటే మనిషి ఇప్పటికే యూరప్‌లో ఉండాలి.

అలాంటివాళ్ళు మనకు తక్కువేం లేరు. 2023-24 శీతాకాల సెమిస్టర్‌లో జర్మనీ విశ్వవిద్యాలయాల్లో 49 వేల మందికి పైగా భారతీయ విద్యార్థులున్నారు. విదేశీ విద్యార్థుల్లో మనవాళ్ళదే మొదటి స్థానం. వాళ్ళలో తెలుగు పిల్లలు ఎంతమందో ఏ వీధిలో అద్దె ఇల్లు వెతికినా తెలిసిపోతుంది. తెలిసినవాళ్ళ అబ్బాయి ఒకడు శాక్సనీ రాష్ట్రంలో చదువుతున్నాడు. "మీరు ఎక్కడికైనా వెళ్ళొచ్చారా?" అని ఫోన్ చేస్తే, కబుర్లు చెప్పకుండా ఫైల్ ఒకటి పంపాడు. పైన పేరు: 'ప్రాగ్ దండయాత్ర, అక్టోబర్ 2024'.

అది ఖర్చుల చిట్టా. ఫొటోలు కూడా పంపాడు కానీ వంతెన మీద నవ్వుతున్న అయిదుగురి ఫొటో ఎవరి ఫోన్‌లోనైనా దొరుకుతుంది. చిట్టా అలా దొరకదు.

చిట్టాలో ఏముంది?

పెళ్ళిలో చదివింపుల పద్దులా ఉంది. ఎడమ పక్కన ఎవరు కట్టారు, మధ్యలో దేనికి, కుడి పక్కన ఎంత. పేర్లు లేవు, ముద్దు పేర్లే: అన్న, చిన్నా, మేడం, డాక్టర్, నేను. అన్నకు ఆ అయిదుగురిలో వయసెక్కువ. డాక్టర్ చదివేది మెకానికల్. జ్వరం మాత్రలు ఎప్పుడూ అతని సంచిలో ఉంటాయి కాబట్టి ఆ పేరు. 'నేను' అంటే పద్దు రాసి నాకు పంపినవాడు, నంద్యాల కుర్రాడు.

మొదటి వరుస రైలు. శాక్సనీలోని డ్రెస్డెన్ నుంచి చెక్ రిపబ్లిక్‌లోని ప్రాగ్‌కి నేరుగా వెళ్ళే రైలు రెండున్నర గంటల్లోపే చేరుస్తుంది. వీళ్ళు అది ఎక్కలేదు. జర్మనీలో ప్యాసింజర్ రైళ్ళు, బస్సులు, ట్రాములన్నిటికీ చెల్లే నెలవారీ టికెట్ అప్పట్లో 49 యూరోలు. చాలా విశ్వవిద్యాలయాల విద్యార్థులకు సెమిస్టర్ రుసుములో కలిపి నెలకు 29.40 పడేది. అది చేతిలో ఉంటే సరిహద్దు దాకా వేరే ఖర్చు లేదు. ఎల్బ్ నది పక్కగా, ఇసుకరాతి కొండల మధ్య నుంచి బాడ్ షాండౌ వరకు లోకల్ రైలు. అక్కడ చిన్న రైలు ఎక్కితే చెక్ వైపు దేచీన్. అక్కడి నుంచి ప్రాగ్‌కి మరో రైలు. చెక్ భాగానికి మాత్రమే టికెట్ కొన్నారు, అయిదుగురికి రానుపోను 100 యూరోలు. తెల్లవారుజామున బయల్దేరి, రైళ్ళు మారుతూ ప్రాగ్ చేరేసరికి పదకొండు దాటింది. రెండో వరుసలో 'పులిహోర, మేడం ఇంటి నుంచి' అని రాసి ఎదురుగా సున్నా చుట్టారు.

తర్వాత హాస్టల్. ఎనిమిది పడకల గదిలో అయిదు పడకలు, ఒక రాత్రికి 110 యూరోలు. దాని కింద విడిగా, చెక్ కరెన్సీలో 250 కొరునాలు. బుకింగ్ చేసినప్పుడు కనపడని వరుస ఇది. ప్రాగ్ నగరపాలక సంస్థ బస చేసేవారి నుంచి తలకు రాత్రికి 50 కొరునాలు వసూలు చేస్తుంది. అప్పట్లో యూరోకు సుమారు 25 కొరునాలు, కొరునా మన మూడున్నర రూపాయల పైమాట.

24 గంటల రవాణా పాస్‌లు అయిదు, 600 కొరునాలు. మెట్రో, ట్రాము, బస్సు అన్నిటికీ అదొక్కటే. పసుపు పచ్చ మెషీన్‌లో ముద్ర వేసుకున్న నిమిషం నుంచి గంటలు మొదలవుతాయి. శనివారం పదకొండున్నరకు వేశారు కాబట్టి ఆదివారం పదకొండున్నర దాకా చెల్లింది. ఆ తర్వాత కాళ్ళే. ముద్ర లేని టికెట్‌తో దొరికితే అప్పట్లో అక్కడికక్కడ కట్టాల్సింది 1,000 కొరునాలు. అందుకే పద్దులో ఆ వరుస పక్కన పెద్ద అక్షరాలతో 'ముద్ర వేశాం' అని ఉంది.

మధ్యాహ్నం భోజనం 900 కొరునాలు. శాకాహారులకు అక్కడ దిక్కు వేయించిన జున్ను ముక్క, బంగాళాదుంపలు. రాత్రి వియత్నాం వాళ్ళ హోటల్లో 850. ప్రాగ్‌లో వియత్నాం హోటళ్ళేమిటి అనుకోవచ్చు. కమ్యూనిస్టు రోజుల్లో చదువుకీ, ఫ్యాక్టరీ పనులకీ వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. అన్నం, కారం రెండూ దొరికే చోటు అదే. మర్నాటి రొట్టెలు, అరటిపళ్ళు 300. మరుగుదొడ్లకు 160. ఒక్కోసారికి 20 చొప్పున, ఎవరు ఎన్నిసార్లో కూడా రాశారు. ఆ వివరం ఇక్కడ వేయడం లేదు.

రసీదు మీద టైమ్

ఈ పద్దులో నన్ను పట్టేసింది కొట్టేసిన వరుస ఒకటి. 'అన్న తెలివి: మైనస్ 450' అని రాసి, మీద అడ్డగీత గీసి, పక్కన 'వాపస్' అని ఉంది. దానికి జోడించిన రసీదు ఫొటో మీద టైమ్ 11:52.

చెక్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా డబ్బు మాత్రం సొంతం. దిగగానే నోట్లు మార్చుకోవాలన్న తొందర ఎవరికైనా ఉంటుంది. అన్న 60 యూరోలు పట్టుకుని 'కమిషన్ సున్నా' అని బోర్డున్న కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కమిషన్ నిజంగానే తీసుకోలేదు. రేటే తగ్గించి ఇచ్చారు. రావాల్సింది 1,500 కొరునాలు, చేతికొచ్చింది 1,050. నాలుగు అడుగులు వేశాక నంద్యాల కుర్రాడికి అనుమానం వచ్చింది. "అన్నా, స్లిప్ ఏదీ?" అన్నాడు. అన్న దాన్ని అప్పటికే ఉండ చుట్టి జేబులో కుక్కాడు.

ఆ ఉండ విప్పడమే వీళ్ళను కాపాడింది. 2019 ఏప్రిల్ 1 నుంచి చెక్ రిపబ్లిక్‌లో ఒక చట్ట సవరణ అమల్లో ఉంది. మారకం కిటికీలో డబ్బు మార్చుకున్నవారు, 1,000 యూరోల విలువ మించకపోతే, మూడు గంటల్లోపు తిరిగి వెళ్ళి ఆ లావాదేవీని రద్దు చేసుకోవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు, రసీదు చూపిస్తే చాలు. ఏళ్ళ తరబడి పర్యాటకులను నిండా ముంచిన కిటికీల మీద పెరిగిన ఒత్తిడితో వచ్చిన సవరణ ఇది. అక్కడి పాత్రికేయుడు యానెక్ రుబెష్ 'హానెస్ట్ గైడ్' అనే యూట్యూబ్ ఛానెల్లో ఈ మోసాలను కెమెరాలో బంధించి చూపించేవాడు. నంద్యాల కుర్రాడు రైల్లో చూస్తూ వచ్చింది ఆ వీడియోలే.

వెనక్కి వెళ్ళారు. కిటికీ వెనక మనిషి మొదట తల అడ్డంగా ఊపాడు. కుర్రాడు ఫోన్‌లో ఆ నిబంధన చెక్ భాషలోనే తీసి గాజుకు ఆనించాడు. ఇంకో మాట లేకుండా 60 యూరోలు లెక్కపెట్టి తోసేశాడు. అన్న 1,050 కొరునాలు తిరిగి ఇచ్చేశాడు. మన లెక్కలో 1,600 రూపాయలకు పైగా మిగిలినట్టు.

ఆ గెలుపు వేడిలోనే డాక్టర్ వీధి మూలనున్న ఏటీఎంలో 2,000 కొరునాలు తీశాడు. 'మీ సొంత కరెన్సీలోకి మార్చమంటారా?' అని తెర మీద పెద్ద బొత్తాం కనబడింది, నొక్కేశాడు. 80 యూరోలకు బదులు 87 పోయాయి. మూడు గంటల నిబంధన మెషీన్లకు వర్తించదు. పద్దులో ఆ 7 యూరోల వరుసకు పేరు 'మెషీన్‌కి దక్షిణ'. దాని మీద అడ్డగీత లేదు.

గబగబా చరిత్ర

స్థలం తక్కువ, చరిత్ర ఎక్కువ. నాలుగో చార్లెస్ 1348లో విశ్వవిద్యాలయం పెట్టాడు, 1357లో తన పేరున్న రాతి వంతెనకు శంకుస్థాపన చేశాడు. ఆ తర్వాత శతాబ్దాల పాటు హాబ్స్‌బర్గ్ రాజుల ఏలుబడి. 1918లో చెకోస్లొవాకియా పుట్టింది. 1939లో హిట్లర్ సేనలు వచ్చాయి, 1968లో సోవియట్ ట్యాంకులు. 1989 నవంబర్‌లో రక్తం చిందకుండా కమ్యూనిస్టు పాలన పోయింది, 1993 జనవరి 1న దేశం రెండయింది. 2004లో యూరోపియన్ యూనియన్‌లో, 2007 చివర్లో షెంగెన్‌లో చేరారు. యూరోను మాత్రం తీసుకోలేదు. అన్న జేబులోని స్లిప్‌కి మూలం అది.

బాక్స్: డబ్బులు అడగనివి

• చార్లెస్ వంతెన. తెల్లారకముందే వెళ్ళండి. ముప్పై విగ్రహాలూ తీరిగ్గా చూడొచ్చు, పది దాటితే జనమే కనపడతారు.
• పాత పట్టణ కూడలిలో 1410 నాటి ఖగోళ గడియారం. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా గంట గంటకూ బొమ్మలు కదులుతాయి.
• విషెహ్రాద్ కొండ. కింద వల్టావా నది, పైన సంగీతకారులు ద్వోర్జాక్, స్మెతానాల సమాధులు.
• ప్రాగ్ కోట ప్రాంగణాలు. లోపలి భవనాలకే టికెట్. 22వ నంబరు ట్రాము పైదాకా తీసుకెళ్తుంది.

బాక్స్: జాగ్రత్తలు

• వీధిలో ఎదురొచ్చి మంచి రేటు ఇస్తామనేవాళ్ళ దగ్గర నోట్లు మార్చొద్దు. కొరునాలని చెప్పి చెల్లని పాత బల్గేరియా నోట్లు అంటగట్టిన సందర్భాలున్నాయి.
• కార్డు మెషీనైనా, ఏటీఎం అయినా 'కొరునాల్లోనే' అన్నదే నొక్కండి.
• జర్మనీ నివాస కార్డుతో పాటు పాస్‌పోర్టు తప్పనిసరి. 2023 అక్టోబర్ నుంచి జర్మనీ ఈ సరిహద్దులో తనిఖీలు పెట్టింది. తిరుగు ప్రయాణంలో పోలీసులు రైలెక్కి అడుగుతారు.
• 'ప్రాచీన బొహీమియా వంటకం' అని అమ్మే త్రెదెల్నిక్ అనే చుట్టల రొట్టెకు అంత ప్రాచీనత లేదు. దానికి పేరున్న ఊరు స్లొవాకియాలోని స్కాలిట్సా. వీళ్ళు 150 కొరునాలకు ఒకటి కొని అయిదుగురూ పంచుకున్నారు. సరిపోయిందట.

'అందరికీ', 'కొందరికి'

మొత్తం 345 యూరోలు. తలకు 69, అప్పటి మారకంలో 6,300 రూపాయలు. ఎడిటర్ గారి పదివేల లోపే వచ్చింది. కథనం ఇక్కడితో ఆపేయొచ్చు. అయితే పద్దులో చివరి గడి ఒకటుంది. ప్రతి వరుసకూ ఎదురుగా 'అందరికీ' అనో, 'కొందరికి' అనో రాసి ఉంది.

కోట లోపలి టికెట్ 'కొందరికి'. ఇద్దరే వెళ్ళారు, ముగ్గురు బయట ప్రాంగణంలో కూర్చున్నారు. బీరు 'కొందరికి'. ఈ ఖర్చులేవీ 345లో కలపలేదు, తాగినవాళ్ళే, చూసినవాళ్ళే కట్టుకున్నారు. ఇలా ఎందుకని అడిగితే నంద్యాల కుర్రాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పాడు: "చిన్నాకి అప్పుడు పార్ట్‌టైమ్ పని పోయింది సార్. వాడు రానంటాడని, బయల్దేరకముందే ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా ఫోన్ చేసి ఎంత పెట్టగలవని అడిగాను. అందరికంటే తక్కువ చెప్పింది వాడే, 70 యూరోలు. గ్రూపులో మాత్రం 70 నా లెక్క అని నేనే పెట్టేశాను."

నెలనెలా కొంతే తీయగల బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపిస్తేనే ఇప్పుడు జర్మనీ విద్యార్థి వీసా ఇస్తోంది. అందులోంచి నెలకు చేతికొచ్చేది 992. అద్దె, ఆరోగ్య బీమా, తిండి పోగా మిగిలే దాంట్లో 70 ఎంత పెద్ద మొత్తమో నెలాఖరున ఆ పిల్లలకే తెలుస్తుంది. నేరుగా వెళ్ళే రైలు వదిలి మూడు రైళ్ళు మారిందీ, ఎనిమిది పడకల గది తీసుకుందీ, పులిహోర కట్టుకుందీ ఆ అంకె కోసమే. పద్దు 69 దగ్గర ఆగింది.

చౌక ప్రయాణాల రీల్స్‌లో ఊరి ధరలే చెబుతారు. నా లెక్కలో ఊరి ధర రెండోది. మీలో ఎవరైనా స్నేహితులతో ఏ ఊరికి బయల్దేరుతున్నా, అది ప్రాగ్ అయినా, పాపికొండలైనా, బుకింగ్ చేయకముందు ఒక్కొక్కరినీ విడిగా అడగండి. అందులో అన్నిటికంటే చిన్న అంకె ఏదో అదే మీ బడ్జెట్. అది ఎవరు చెప్పారో మిగతావాళ్ళకు తెలియాల్సిన పనిలేదు.