కలివికోడి రక్షణకు ప్రజల తోడ్పాటే ఆధారం

ప్రపంచంలోని అత్యంత అరుదైన పక్షులలో కలివికోడి ఒకటి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీనిని అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. 1986 తరువాత దీని ఉనికి ఆంధ్రప్రదేశ్‌లో తప్ప మరెక్కడా నిర్ధారణ కాలేదు. కావున దీనిని కాపాడవలసిన బాధ్యత ముఖ్యంగా మన రాష్ట్ర ప్రజలపైనే ఉన్నది.

తిరిగి దొరికిన పక్షి

19వ శతాబ్దంలో థామస్ జెర్డన్ అనే వైద్యుడు ఈ పక్షిని వెలుగులోకి తెచ్చారు. 1900 తరువాత ఇది కనిపించకపోవడంతో అంతరించినదని భావించారు. అయితే 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె సమీపంలో ఇది తిరిగి లభించింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞుల అన్వేషణకు స్థానిక వేటగాండ్ర అనుభవమే దారి చూపింది. ఇది రాత్రివేళ సంచరించే పక్షి అని వారికి ముందే తెలుసు. అనంతరం ఈ ప్రాంతంలో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటయింది. 1988లో కలివికోడి చిత్రంతో తపాలా బిళ్ల వెలువడింది.

పొంచి ఉన్న ముప్పు

ముళ్ల పొదలు, వాటి మధ్య ఖాళీ నేల ఉన్న చిట్టడవులే దీని ఆవాసం. పగలు పొదల నీడన దాగి, చీకటి పడిన తరువాత పురుగులను, చెదలను వెదుకుతుంది. ఇటువంటి భూములను వృథా భూములుగా భావించి సాగుకు చదును చేయడం, వంటచెరకు కోసం పొదలు నరకడం, రాళ్ల తవ్వకం దీని మనుగడకు ముప్పుగా పరిణమించాయి. పరిమితమైన పశువుల మేత వలన నేల ఖాళీగా ఉండి పక్షికి మేలు కలుగుతుంది. మేత మితిమీరితే పొదలే నశిస్తాయి.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ ఆవాసాన్ని దెబ్బతీసింది. శాస్త్రజ్ఞులు, పర్యావరణ సంస్థలు ఆందోళన వ్యక్తం చేయగా పనులు నిలిచి, కాలువ మార్గం మారింది. రైతులకు నీరు, పక్షికి నేల రెండూ దక్కేలా ప్రణాళిక వేయవచ్చునని ఈ ఉదంతం నిరూపించింది.

ప్రజలు చేయవలసినది

కలివికోడి కంటబడడం బహు అరుదు. అందువలన మెత్తని మట్టి పరచి పాదముద్రలు పరిశీలించడం, స్వయంచాలక కెమెరాలు అమర్చడం, సంధ్యవేళ కూతలు వినడం ద్వారా పరిశోధకులు దీనిని వెదుకుతున్నారు. పక్షి కనిపించకపోయినంత మాత్రాన అక్కడ లేదని నిర్ణయించి పొదలను తొలగిస్తే, ఉన్న కొద్దిపాటి పక్షులూ మనకు తెలియకుండానే నశిస్తాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీనిని వేటాడడం, పట్టడం, గుడ్లు సేకరించడం శిక్షార్హమైన నేరాలు. గ్రామీణులు, పశువుల కాపరులు ఉచ్చులు పన్నకుండా, పన్నిన వారిని ప్రోత్సహించకుండా ఉండాలి. పక్షి కనిపించినా, కూత వినిపించినా దానిని వెంబడించక సమీప అటవీ అధికారులకు తెలియజేయాలి. ఉపాధ్యాయులు విద్యార్థులకు దీని చిత్రం చూపి అవగాహన కలిగించాలి. నాడు స్థానికుల మాటతో దొరికిన పక్షి, నేడు స్థానికుల రక్షణతోనే నిలువగలదు.