సగంలో ఆగిన గూడు

వానాకాలంలో చెరువు మీదికి వంగిన తుమ్మకొమ్మలకో, బావి పక్కన ఈతమట్టలకో వేలాడే గిజిగాడి గూళ్ళను పరీక్షగా చూస్తే, కొన్ని సగంలోనే ఆగిపోయి ఉంటాయి. పైకప్పు ఉంటుంది, మధ్యలో ఒక అడ్డపట్టీ ఉంటుంది. గుడ్ల గది ఉండదు, కిందికి దిగే గొట్టమూ ఉండదు. పక్షి శాస్త్రజ్ఞులు దీన్ని హెల్మెట్ దశ అంటారు. చేతకాని పిట్ట వదిలేసిందనో, మగపక్షి ఊగడానికి కట్టుకున్న ఉయ్యాల అనో జనం చెప్పుకుంటారు. రెండూ సరికావు. అలా మధ్యలో ఆగడంలోనే ఈ పక్షి అసలు తెలివి ఉంది.

1930లో మహారాష్ట్ర తీరాన కిహింలో సలీం అలీ ఈ పక్షులను ఓపిగ్గా గమనించి, మరుసటి ఏడాది ఆ వివరాలు ప్రచురించారు. మగపక్షి గూటిని హెల్మెట్ దాకా అల్లి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపక్షులను పిలుస్తుంది. వచ్చిన ఆడపక్షి లోపల దూరి చూస్తుంది. అది ఒప్పుకుంటేనే మిగతా పని. పూర్తి గూటికి సుమారు 18 రోజులు, ఆకు చీలికల కోసం 500 దాకా రాకపోకలు పడతాయి. హెల్మెట్ దశకు చేరడానికి దాదాపు 8 రోజులు చాలు. ఎవరికీ నచ్చని గూటి మీద మగపక్షి పోగొట్టుకునేది ఆ 8 రోజులే. వానాకాలం మహా అయితే కొన్ని నెలలు. ఒక జోడీ కుదిరి గూడు పూర్తికాగానే గుడ్లు పొదిగే పని ఆడపక్షికి వదిలి మరో గూడు మొదలుపెట్టే మగపక్షికి ఈ పొదుపు చాలా విలువైనది.

అల్లిక నేర్పు చూసే ఆడపక్షి ఎంచుకుంటుందనుకుంటే, సగం గూడు చూసి ఎలా తేల్చుకుంటుందని అడగవచ్చు. తర్వాతి పరిశోధనల్లో, ఎంపికను గూటి నిర్మాణం కన్నా అది ఉన్న చోటే ఎక్కువగా నిర్ణయిస్తుందని తేలింది. కింద నీళ్ళు, చుట్టూ ముళ్ళు, పాము పాకలేని సన్నని కొమ్మ: పిల్లల ప్రాణాలు వీటి మీదే ఆధారపడతాయి, ఇవన్నీ సగం గూటి నుంచే కనిపిస్తాయి. అల్లిక అక్కరలేదని కాదు. గాలివానకు తెగని పట్టు దానిదే. గాలికి చిరిగి సగమైన గూళ్ళూ కొన్ని ఉంటాయి, కాని వాటి అంచులు చిందరవందరగా వేలాడతాయి. కావాలని ఆపిన గూటి అంచు నున్నగా అల్లి ఉంటుంది. లోపల పులిమిన తడిమట్టికి మిణుగురులను అతికించి దీపం పెట్టుకుంటుందన్న కథకు మాత్రం ఆధారం లేదు. రాత్రంతా నిద్రపోయే పక్షికి దీపంతో పనేముంది?