సగం కాలిన బొగ్గులో ఆమ్లం

"సార్, నీళ్లల్ల కరగని ఆమ్లం ఉంటదా?" నేరేడుచర్లలో ఒక పదో తరగతి పిల్లవాడి ప్రశ్న ఇది. ఉంటుంది. చక్కెరతో చేయవచ్చు, మిర్యాలగూడ మిల్లుల దగ్గర గుట్టలు పడే ఊకతోనూ చేయవచ్చు.

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే చక్కెర నల్లగా పొంగడం అందరం చూసిందే. 2005లో జపాన్‌లో మిచికాజు హారా బృందం చక్కెరను సగమే కాల్చి, ఆ బొగ్గును సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేడిచేసింది. కొవ్వు ఆమ్లాన్ని, ఆల్కహాల్‌ను కలిపి బయోడీజిల్ చేయడంలో, వచ్చిన నల్లపొడి ద్రవ ఆమ్లం చేసే పనిలో సగానికి పైగా చేసి చూపించింది.

కిటుకంతా ఆ 'సగం'లోనే ఉంది. పూర్తిగా కాలిస్తే కర్బన వలయాలు పెద్ద పలకలుగా అల్లుకుపోతాయి, అంచులు తగ్గుతాయి, సల్ఫ్యూరిక్ ఆమ్లం నుంచి వచ్చి ఆమ్ల గుణాన్నిచ్చే సల్ఫోనిక్ సమూహాలకు పట్టు దొరకదు. మధ్యలో ఆపితే పలకలు చిన్నవి, అంచులు బోలెడు. సల్ఫోనిక్ సమూహాలు అక్కడ రసాయన బంధంతో బిగుసుకుంటాయి. కాలకుండా మిగిలిన హైడ్రాక్సిల్, కార్బాక్సిల్ సమూహాలకు ఆల్కహాల్ అంటే ఇష్టం కనుక అది బొగ్గు లోపలికంటా చొరబడుతుంది. సల్ఫోనిక్ సమూహం తన ప్రోటాన్‌ను కొవ్వు ఆమ్లానికి అప్పిస్తుంది. ఆల్కహాల్ వచ్చి కలుస్తుంది, నీరు విడిపోతుంది, ఎస్టర్, అంటే బయోడీజిల్, తయారవుతుంది, ప్రోటాన్ సొంతచోటికి చేరుతుంది. ఆపైన వడపోస్తే చాలు. అదే ద్రవ ఆమ్లమైతే క్షారంతో తటస్థం చేయాలి, కడగాలి, ఆ లవణాల నీటిని ఎక్కడో పారబోయాలి.

నాకు ఇంకా నచ్చింది మన హైదరాబాద్ వాళ్ల పని. బయోడీజిల్ చేస్తే దాని బరువులో దాదాపు పదో వంతు గ్లిసరాల్ మిగులుతుంది. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ప్రభావతీదేవి, ఆర్.బి.ఎన్. ప్రసాద్ బృందం ఆ గ్లిసరాల్‌నే సల్ఫ్యూరిక్ ఆమ్లంతో వేడిచేసి, 2009లో ఫలితం ప్రకటించింది. బొగ్గు కావడం, సల్ఫోనిక్ సమూహాలు అతుక్కోవడం ఒకే పాత్రలో జరిగిపోయాయి. బయోడీజిల్ వదిలిన సరుకే మళ్లీ బయోడీజిల్‌కు ఉత్ప్రేరకం! తర్వాత కానుగ నూనె మీదా వాడారు. అందులోని విడి కొవ్వు ఆమ్లాలు క్షారం తగిలితే సబ్బవుతాయి, అందుకే అక్కడ ఆమ్ల ఉత్ప్రేరకమే నయం.

ఆపైన వెదురు, చెరకు పిప్పి, కొబ్బరి చిప్పలు, వరి ఊక అన్నీ ప్రయోగశాలలకెక్కాయి.

లోపం లేదనను. వాడేకొద్దీ కొన్ని సల్ఫోనిక్ సమూహాలు ఊడిపోతాయి. తయారీకి గాఢ ఆమ్లం చాలా కావాలి. అందులో మిగిలినదాన్ని తిరిగి వాడుకోకుండా పారబోస్తే, దీన్ని హరిత ఉత్ప్రేరకం అని పిలవడం నేను ఒప్పుకోను.