చిన్న చీల – పెద్ద కట్టడి



ఇరుసుకు చీల లేని బండి యెంత దూరము పోవునో మీకు నేను చెప్ప నక్కరలేదు. చక్రము పెద్దది, చీల చిన్నది. అయినను పెద్దదానిని దారిలో నిలుపునది ఆ చిన్నదియే. అట్టి చీలకు ఒక స్ప్రింగును జతచేసి యంత్రములందు వాడుచున్నారు. నేడు దానిని గురించి నాలుగు మాటలు మనవి చేసెదను.

నేను జీవితమంతయు బడిపిల్లలకు తెలుగును, లెక్కలను చెప్పినవాడను. యంత్రవిద్య నేర్చినవాడను గాను. కాని సంగారెడ్డి మొదలు పటాన్‌చెరువు వరకును గల మన సీమ మన కన్నుల యెదుటనే మారినది. 1960 దశకమున రామచంద్రాపురమున భారీ విద్యుత్పరికరముల కర్మాగారము వెలసినది. 1984లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారమునకు పునాది పడినది. పటాన్‌చెరువు, పాశమైలారము ప్రాంతములందు చిన్న పెద్ద కార్ఖానాలు అనేకము లేచినవి. మన పిల్లలు పలువురు అచటనే కూడు సంపాదించుకొనుచున్నారు. వారు దేనిపై చేయి వేయుచున్నారో మనమును తెలిసికొనుట మంచిది గదా!

నా శిష్యుడొకడు పటాన్‌చెరువున ఒక చిన్న కార్ఖానాలో మిల్లింగు మిషను నడుపుచున్నాడు. అతడు నాకు ఈ చీలను విప్పి చూపించెను. పనివారు దీనిని ఇండెక్సు ప్లంజరు అందురు. దీనికి అంగములు నాలుగు: వెలుపల మరచుట్లు గల గొట్టము, దానిలో ముందు వెనుకలకు జరుగు ఉక్కుచీల, చీలను ఎల్లప్పుడును ముందునకు త్రోయుచుండు స్ప్రింగు, వెనుకకు లాగుటకు గుబ్బ. గుబ్బను లాగిన చీల బెజ్జమునుండి వెలికి వచ్చును. అప్పుడు బల్లను త్రిప్పవచ్చును. గుబ్బను విడిచినచో, తరువాతి బెజ్జము ఎదురైనంతనే స్ప్రింగు చీలను అందులోనికి నెట్టును, బల్ల నిలుచును. కొన్నిటియందు గుబ్బను లాగి పావుచుట్టు త్రిప్పినచో చీల మరల ముందునకు రాక వెనుకనే నిలిచియుండును.

చీల మొనలలో భేదము కలదు. స్తంభమువలె నున్న మొన ప్రక్కత్రోపుడునకు లొంగదు. గాని బెజ్జమున దూరుటకు దానికి వెంట్రుకవాసి సందు కావలెను, ఆ సందు మేరకు బల్ల కదలును. శంకువువలె సన్నగిలిన మొన సందు లేకుండ కుదురుకొనును. గాని ప్రక్కబలము హెచ్చైనచో ఆ వాలు వెంట వెనుకకు జారజూచును. కావున బలము నోర్చుటకు మొదటిది, సూక్ష్మతకు రెండవది.

ఇక దీని గణితము వినుడు. డివైడింగు హెడ్డు అను పరికరమున పిడిని 40 చుట్లు త్రిప్పినగాని పనిముక్క ఒక చుట్టు తిరుగదు. అనగా పిడి చుట్టు ఒకటికి ముక్క 9 భాగలు తిరుగును. పిడి చివరను మన స్ప్రింగుచీల యుండును. దాని యెదుట బెజ్జముల పలక యుండును. నేను పోయిన దినమున 27 పండ్ల చక్రమును కోయుచుండిరి. 27 అనగానే నాకు నక్షత్రములు తోచినవి. 360 భాగలను 27 చేత భాగించిన 13 భాగల 20 కళలు. నక్షత్రమొకటికి కల ప్రమాణమే అది. పనివాడు 40ని 27 చేత భాగించెను: ఒక నిండుచుట్టు, ఆపై 27 బెజ్జముల వలయమున 13 బెజ్జములు. చుట్టునకు 9 భాగలు, 13 బెజ్జములకు 4 భాగల 20 కళలు. కూడిన లెక్క సరిగా నక్షత్రప్రమాణమే! మన పంచాంగపు లెక్క ఇనుములో పలుకుట చూచి నాకు మేను పులకించినది.

13కు మారుగా ప్రతిసారియు 14 లెక్కించిన నేమగును? ఒక్కొక్క పంటికి 20 కళలు హెచ్చి చివరి పంటికి తావు చాలదు, చక్రము పాడగును. అందులకే లెక్క తప్పకుండ పలకపై రెండు లోహపు చేతులను అమర్తురు.

లెక్క తప్పిన ఇనుము పోవును. చీల తప్పిన మనిషికే ముప్పు. నా యింకొక శిష్యుడు వేరొక చోట బరువైన ఫిక్చరును త్రిప్పి, చీల పడిన చప్పుడు విని, పడినదనియే నమ్మి చేయి పెట్టెను. బెజ్జమున ఇనుపరజను నిండి చీల సగమే దిగియుండెను. ఫిక్చరు తిరిగి అతని రెండు వ్రేళ్లు నలిగినవి. నేను చూడబోగా, “సప్పుడు ఇన్న సారూ, కండ్లతోటి సూడలే” అనెను. ఆ మాట నన్ను ఇప్పటికిని విడువదు. అక్షరము తప్పిన దిద్దితిని గాని, చూచి నమ్ముమని అతనికి నేను నేర్పితినా?

కావున మీ యిండ్ల పిల్లలకు మూడు మాటలు చెప్పుడు. మొదటిది, బెజ్జమును తుడిచిన పిమ్మటనే చీలను విడువవలెను. రెండవది, చీల పూర్తిగా దిగినదా యని కంటితో చూచి, యంత్రము ఆగియుండగా బల్లను కదలించి పరీక్షింపవలెను. మూడవది, చీల తావు చూపుటకే గాని కోతబలమంతయు మోయుటకు గాదు. దానికి వేరుగ బిగింపు కావలెను. ట్రాక్టరు సీటును జరుపు పట్టునందును ఇట్టి యుక్తియే కలదు. అది అరిగినచో మేకు దూర్చి సరిపెట్టకుడు. తగిన భాగమునే వేయింపుడు.

చీల వెల కొద్దిది. వ్రేలికి వెల లేదు.