గూడబాతుల పల్లె – నేలపట్టు నేర్పే పాఠం

ప్రకృతి ఒక మహాగ్రంథమని అనుట పరిపాటి. అయితే గ్రంథం ఉన్నంత మాత్రాన విద్య రాదు. చదివించే గురువు, కూర్చుండి చదువుకొనే చోటు కూడ కావలెను. జంతు ప్రదర్శనశాల ఆ చోటు కాజాలదు. అక్కడ పక్షిని చూస్తాము గాని, దాని ఊరేదో, ఆహారమేదో, ఇరుగుపొరుగు ఎవరో మనకు తెలియదు. ఈ లోపమును పూరించుటకే సహజ పరిసరాల నడుమ ప్రకృతి పరిచయ కేంద్రాలను నెలకొల్పే పద్ధతి ఏర్పడినది. ఆంధ్రప్రదేశంలో అటువంటి వాటిలో ముఖ్యంగా చెప్పుకొనవలసినది నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం. అక్కడి ప్రకృతి సంపద ఎటువంటిది, ఆ సంపదకు పల్లె ప్రజలతో గల సంబంధం ఏమి, మన వంటి విద్యాసంస్థ అక్కడినుండి గ్రహించదగినదేమి అను మూడు విషయాలను ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము.

ఊరు – చెరువు – చెట్లు

నేలపట్టు తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలోని చిన్న గ్రామం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. సూళ్ళూరుపేటకు ఉత్తరంగా, ఇంచుమించు 20 కిలోమీటర్ల దూరంలో, జాతీయ రహదారికి చేరువలోనే ఉన్నది. 1976లో ప్రభుత్వం ఈ ప్రదేశమును రక్షిత కేంద్రంగా ప్రకటించినది. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు మాత్రమే. పెద్ద అభయారణ్యాలతో పోల్చిన ఇది చేతి రుమాలంత స్థలం. అయినను దక్షిణ భారతంలో గూడబాతులు గూళ్ళు కట్టే ముఖ్య స్థలాలలో ఇది ఒకటి.

ఇందుకు కారణం చెరువులోని చెట్లు. అక్కడివారు వీనిని కడప చెట్లు అంటారు. నెలల తరబడి మొదళ్ళు నీటిలో నానినను ఇవి చెడవు. సామాన్యంగా ఏ చెట్టైనను వేళ్ళకు గాలి అందక అటువంటి చోట చచ్చిపోవును. కడప చెట్టు మాత్రం నీటిలో నిలిచి కొమ్మలు చాచి పక్షులకు ఆశ్రయమిచ్చును. చుట్టును నీరున్నందున నక్కలు, పిల్లులు గూళ్ళ దరికి చేరలేవు. కోటకు అగడ్త ఎటువంటిదో ఈ గూళ్ళకు చెరువు నీరు అటువంటిది. గట్టున ఉన్న మిగిలిన భూమి అంతయు ఎండలకు తట్టుకొనే సతత హరితమైన చిట్టడవి.

ఈ ప్రాంతంలో వానలు ఎక్కువగా ఈశాన్య ఋతుపవనాల వలన, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురుస్తవి. చెరువు నిండుటతోనే పక్షులు గూళ్ళకు పూనుకొంటవి. గూడబాతు గుడ్లు పొదుగుటకు సుమారు ఒక నెల పట్టును. పిల్లలు రెక్కలు వచ్చి గూడు విడుచుటకు మూడు నెలలకు పైగా పట్టును. అనగా నవంబరులో గూడు కట్టిన పక్షికి మార్చి వరకైనను చెరువులో నీరు నిలిచి ఉండవలెను. వాన తప్పిన ఏడు చెట్లు బోసిపోవుటకు కారణమిదే.

అక్కడి అతిథులు, అక్కడి బంధువులు

నేలపట్టు పక్షులన్నియు సైబీరియా నుండి వచ్చే విదేశీ పక్షులని చాలమంది భావిస్తారు. ఇది పొరపాటు. ఇక్కడ గూళ్ళు కట్టే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు, వక్కలు మన దేశపు పక్షులే. వానలను, ఆహారమును బట్టి ఒక చెరువు నుండి మరొక చెరువుకు తిరుగుతుంటవి. శీతకాలంలో ఉత్తరాది శీతల దేశాల నుండి వచ్చే సూదితోక బాతుల వంటివి వేరు. అవి ఇక్కడ గుడ్లు పెట్టవు. చలి గడిపి పోతవి. మొదటివి మన బంధువులు, రెండవవి మన అతిథులు. బంధువులకు పురిటిల్లు ఇవ్వవలెను, అతిథులకు భోజనం పెట్టవలెను. ఈ భేదం తెలిసిననే సంరక్షణకు అర్థముండును.

గూడబాతు రెక్కలు చాచిన రెండు మీటర్లకు పైగా ఉండును. దాని పొడవైన ముక్కు క్రింద చర్మపు సంచి ఉన్నది. దానితో చేపలను నీటితో సహా ఎత్తి, నీటిని వదలి చేపను మ్రింగును. పూర్వం రైతులు గూడవేసి కాలువ నీరు తోడిన విధం చూచినవారికి ఈ పేరు ఎంత తగినదో తెలియును. ఉర్దూలో దీనిని హవాసిల్ అంటారు. పక్షి కంఠంలోని ఆహారపు సంచికి అరబ్బీలో గల పేరు నుండి వచ్చిన మాట ఇది. ఉర్దూ కవులకు అభిమాన పదమైన ‘హౌసలా’ కూడ ఆ మూలం నుండి పుట్టినదే. సంచి ఎంత పెద్దదో అంత ఇముడును గనుక, ఆ మాట క్రమంగా గుండె నిబ్బరమునకు పేరైనది. తెలుగువాడును, ఉర్దూ మాట్లాడువాడును ఒకే పక్షిని ఒకే గుణం వలన గుర్తించినారన్నమాట.

నత్తగుల్ల కొంగ మరొక విచిత్రం. ముక్కు మూసినను రెండు దవడల నడుమ సందు మిగులును. ఇది అవిటితనం కాదు. జారిపోయే నత్తలను పట్టుకొనుటకు, గుల్లలోని మాంసమును తీసికొనుటకు ఆ ముక్కు అనువైన పనిముట్టు. పిల్లకొంగకు ఈ సందు ఉండదు. పెరిగిన కొలది ఏర్పడును.

పక్షి రెట్ట – రైతు పంట

నేలపట్టు గొప్పతనం పక్షుల సంఖ్యలో మాత్రమే లేదు. ప్రభుత్వ ప్రకటన రాకముందు నుండియు ఆ గ్రామస్థులు ఈ పక్షులను కాపాడుకొంటూ వచ్చినారు. పక్షులు రావడం మంచి వానలకు, మంచి పంటకు శుభసూచకమని వారి నమ్మకం. ఈ నమ్మకం వెనుక కంటికి కనబడే లాభం కూడ ఉన్నది. వేలాది పక్షుల రెట్ట చెరువు నీటిలో కలియును. అందులో నత్రజని, భాస్వరం అధికం. ఆ నీరు పొలాలకు పారినప్పుడు రైతుకు ఖర్చు లేని ఎరువు లభించును. పక్షి దూరంలోని చేపలను తిని, వాని సారమును ఈ ఊరి పొలాలకు మోసుకొని వచ్చుచున్నదన్నమాట.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షిని, గూటిని, గుడ్డును కాపాడుచున్నది. చట్టం అవసరమే. కాని అర్ధరాత్రి చెట్టు క్రింద కాపలా ఉండేది చట్టం కాదు, ఆ ఊరి మనిషి. అతని మనస్సు తిరిగిన నాడు చట్టం కాగితమే. చెరువు నీరు రైతుకును కావలెను, గూటిలోని పిల్లకును కావలెను. ఇంతవరకు ఈ రెండు అవసరాలు కలిసి సాగినవి. ఈ పొత్తు నిలుపుటయే అసలు సమస్య.

నిలువని చోట ఏమగునో చరిత్ర చెప్పుచున్నది. ఇరువదవ శతాబ్దారంభంలో కడప జిల్లా బూచుపల్లెలో గూడబాతుల స్థావరం ఒకటి ఉండేది. నేడది లేదు. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు వద్ద తాడిచెట్లపై గూళ్ళు కట్టిన గొప్ప స్థావరమును 1946లో కె.కె. నీలకంఠన్ లోకానికి తెలిపినారు. 1970 దశకంలో అదియు ఖాళీ అయినది. ఇప్పుడు కొల్లేటి ఒడ్డున ఆటపాకలో ఇనుప మంచెలు నిలబెట్టి పక్షులను పిలుచుకొనవలసి వచ్చినది. పక్షులు వచ్చినవి, సంతోషమే. కాని చెట్టును పోగొట్టుకొని ఇనుమును నిలుపుట ఎంత శ్రమతో కూడిన పనియో గమనింపదగినది.

విద్యాకేంద్రం – ఉత్సవం

నేలపట్టులో అటవీశాఖవారి పర్యావరణ విద్యాకేంద్రం, పక్షులను దూరం నుండి చూచుటకు కావలి మంచెలు ఉన్నవి. ఇటువంటి కేంద్రాల ప్రయోజనం చూపులో ఒక క్రమశిక్షణ నేర్పుట. కేకలు వేయక, రంగురంగుల దుస్తులు ధరింపక, గూళ్ళ దరికి పోక, ఒకచోట నిలిచి చూచుట నేర్వవలెను. జనం దరికి చేరి తల్లి బెదరి లేచినచో, ఈకలు రాని పిల్ల ఎండకు మాడిపోవును. కాకి గుడ్డును తన్నుకుపోవును. మన క్షణకాలపు వినోదం దానికి ప్రాణాపాయం.

2001 నుండి జిల్లా యంత్రాంగం సూళ్ళూరుపేట కేంద్రంగా ఫ్లెమింగో ఉత్సవం జరుపుచున్నది. కొన్ని సంవత్సరాల విరామం తరువాత 2025 జనవరిలో అది తిరిగి జరిగినది. దీని వలన వేలాది బాలబాలికలు మొదటిసారిగా దుర్భిణిలో పక్షిని చూచినారు. ఇది చిన్న మేలు కాదు. అయితే ఉత్సవం మూడు దినాల ముచ్చట. తిరునాళ్ళ సందడిలో పక్షి మరుగున పడిపోయే ప్రమాదమును కూడ మరువరాదు. పాటకచ్చేరీని చూచి వచ్చినవాడు నేలపట్టును చూచినట్లు కాదు. సంవత్సరం పొడవునా పల్లె పిల్లలకు, రైతులకు, జాలరులకు పనికివచ్చే కార్యక్రమాలు సాగినప్పుడే విద్యాకేంద్రమునకు సార్థకత.

పులికాట్ – పక్షి అన్నపు గిన్నె

నేలపట్టు గూడైతే పులికాట్ సరస్సు అన్నపు గిన్నె. గూడబాతులు ఇక్కడ పిల్లలను పెట్టి, చేపలకై అక్కడికి పోయి వస్తవి. చిలకా తరువాత మన దేశంలో ఉప్పునీటి సరస్సులలో ఇదియే పెద్దది. అధిక భాగం ఆంధ్రలోను, మిగిలినది తమిళనాడులోను ఉన్నది. శ్రీహరికోట దీవి దీనిని బంగాళాఖాతం నుండి వేరుచేయుచున్నది. సగటు లోతు ఒక మీటరు మాత్రమే. ఈ తక్కువ లోతులోనే ఫ్లెమింగోలు నిలువుకాళ్ళపై నడుస్తూ, తలను తలక్రిందులుగా నీటిలో ముంచి, సూక్ష్మజీవులను వడపోసుకొని తింటవి. వాని గులాబి రంగు పుట్టుకతో వచ్చినది కాదు. ఆహారంలోని వర్ణద్రవ్యం వలన ఏర్పడినది. అన్నం మారిన రంగు మారును.

ఈ సరస్సుకు ప్రాణం సముద్ర ముఖద్వారాలు. వాని గుండా ఉప్పునీరు, దానితో రొయ్య పిల్లలు, చేప పిల్లలు లోపలికి వస్తవి. ఇసుక మేటవేసి ముఖద్వారాలు పూడిపోయినచో సరస్సు మెల్లగా ఎండును, ఉప్పు పెరుగును, చేప తగ్గును. మొదట దెబ్బ తినేది జాలరి. ఆ వెనుకనే పక్షి. జాలరులు పూడిక తీయమని ఏళ్ళ తరబడి అడుగుచున్నారు. పక్షి కొరకు జాలరిని తరుముట, జాలరి కొరకు పక్షిని మరచుట రెండును తప్పుదారులే. ఇరువురి కంచం ఒక్కటే.

మన కర్తవ్యం

పవిత్ర ఖుర్ఆన్‌లోని నమ్ల్ సూరాలో సులైమాన్ ప్రవక్త కొలువున హుద్‌హుద్ పక్షి వార్తాహరుగా కనిపించును. చక్రవర్తి ఎరుగని సంగతి ఆ చిన్న పక్షికి తెలిసినది. నాటిన మొక్క ఫలమును పక్షి తిన్నను అది నాటినవానికి దానముగా లెక్కించబడునని ప్రవక్త మహమ్మద్ (స.అ.స.) వారి బోధ. పక్షి సంరక్షణ మనకు పరాయి విషయం కాదనుటకు ఇంతకన్న వేరు నిదర్శనమేల?

పక్షిశాస్త్రంలో భారతదేశానికి కీర్తి తెచ్చిన డాక్టర్ సలీం అలీ (1896–1987) పట్టాల బలంతో గాక, ఓర్పు బలంతో, నోటు పుస్తకం బలంతో ఎదిగినవారు. 1930 దశకం తొలినాళ్ళలో హైదరాబాదు సంస్థానంలోని పక్షులను ఊరూర తిరిగి పరిశీలించి నమోదు చేసినారు. ఆయన జన్మదినమైన నవంబరు 12ను పక్షి దినంగా పాటించుట మనకు తెలిసినదే. అయితే సభ చేసి దండ వేసినంత మాత్రాన ఆయన ఋణం తీరదు.

కనుక విద్యార్థులకును, కళాశాల పాలక సంఘమునకును మూడు సూచనలు చేయుచున్నాము. మొదటిది, ఏటా వెళ్ళే విహారయాత్రలలో ఒకటి నేలపట్టుకు కేటాయించి, దానిని వనభోజనంగా గాక పాఠంగా నడుపవలెను. ప్రతి విద్యార్థి తాను చూచిన పక్షి, సమయం, స్థలం వ్రాసికొని రావలెను. రెండవది, తెలుగు, ఉర్దూ శాఖలు కలసి పక్షుల పేర్లను రెండు భాషలలో సేకరించవలెను; ముసలివారి నోట మాత్రమే నిలిచిన పేర్లు వారితోనే పోకూడదు. మూడవది, మన ఊరి చెరువునే మన నేలపట్టుగా భావించి, ప్రతి జనవరిలో అక్కడి పక్షులను లెక్కించి, ఆ లెక్కను ఈ సంచికలోనే ప్రకటించవలెను. వీనికి కావలసిన ధనం స్వల్పం. ఒక జత దుర్భిణులు, ఒక నోటు పుస్తకం, తెల్లవారుజామున లేచే అలవాటు చాలును.

పది సంవత్సరాల లెక్కలు వరుసగా ఉన్ననాడు, మన చెరువుకు ఏ పక్షి రావడం మానినదో, ఎప్పుడు మానినదో చెప్పగలము. ఎందుకు మానినదని అడిగే అర్హత అప్పుడే మనకు కలుగును.