ముక్కల బీరువా ఊగకుండా ఉండాలంటే...

పాతబస్తీ లాడ్ బజారులో పెళ్ళి గాజులు కొన్న పల్లెవారు బీరువాను కూడా ఇప్పుడు ముక్కలుగా, అట్టపెట్టెలో ఊరికి చేర్చుకోవచ్చు. ఈ తరహా సామానుకు పేరుపడ్డ స్వీడన్ సంస్థ ఐకియా దేశంలో తొలి దుకాణం తెరిచింది హైదరాబాదులోనే. 2018 ఆగస్టు 9న, హైటెక్ సిటీ వద్ద. బండి కిరాయి తగ్గుతుంది. చిక్కంతా అతుకుల దగ్గరే.

ఈ పలకలు చాలావరకు టేకు కావు. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసినవి. స్క్రూను అతిగా బిగిస్తే బెజ్జంలో పొట్టు రాలిపోతుంది, ఇక ఎంత తిప్పినా పట్టదు. అందుచేత మొదట అన్నిటినీ వదులుగా ఎక్కించాలి. ఎదురెదురు మూలల మధ్య దూరాన్ని దారంతో కొలిచి, రెండు కొలతలూ సమానమయ్యాకే చేతితో బిగించాలి. చెక్క చీలలకు జిగురు రాస్తే అతుకు గట్టిపడుతుంది గాని, మళ్ళీ విప్పడం కుదరదు. ఇల్లు మారేవారు ఆలోచించుకోవాలి.

వెనుకవైపు పలుచని అట్టే కదా అని కొందరు మేకులు మిగుల్చుకుంటారు. బీరువా పక్కకు ఒరగకుండా పట్టి ఉంచేది ఆ అట్టే!

వానాకాలపు చెమ్మకు ఉబ్బిన పలక మళ్ళీ మామూలు కాదు. మట్టినేల అయితే అడుగున రాతిబిళ్ళలు వేయాలి. పిల్లలున్న ఇంట్లో బీరువా పైభాగాన్ని గోడకు బిగించడం తప్పనిసరి.