మలేరియా కాని జ్వరం: ఎలుకల నుంచి వచ్చే టైఫస్

దోమకాటు వల్ల మలేరియా వస్తుందని మీకు తెలుసు. ఈ పాఠంలో మలేరియాలాగే మొదలై, మలేరియా పరీక్షకు అందని ఒక జ్వరం గురించి తెలుసుకుందాం.

బస్తర్ ప్రాంతాన్నే తీసుకోండి. అక్కడి కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు మాట్లాడేవారు తరతరాలుగా ఉన్నారు. ఒళ్లు కాలిపోతోందంటే ఎవరికైనా ముందు తోచేది మలేరియాయే. అందులో తప్పు లేదు. 2020 జనవరిలో బస్తర్ డివిజన్‌లో మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలైనప్పుడు, జ్వరం లేనివారికి కూడా ఇంటింటా రక్తపరీక్ష చేశారు. ఊళ్లో 'మితానిన్' అని పిలిచే ఆరోగ్య కార్యకర్త వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి కొద్దిసేపట్లోనే ఫలితం చెబుతుంది. మలేరియా లేదంటే అందరికీ ఊరటే. కాని జ్వరం తగ్గకపోతే? చాలామంది జ్వరం బిళ్లలు మింగుతూ వారం గడిపేస్తారు. అసలు చిక్కు అక్కడే వస్తుంది.

ఇలాంటి జ్వరాలకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో తరచుగా మరిచిపోయేది మ్యూరైన్ టైఫస్. పేరు దగ్గరగా ఉన్నా టైఫాయిడ్‌కూ దీనికీ సంబంధం లేదు. టైఫాయిడ్ కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వస్తుంది. ఇది ఎలుకల ఒంటి మీద బతికే ఒక కీటకం ద్వారా వస్తుంది. ఆ కీటకాన్ని ఫ్లీ అంటారు. దానికి రెక్కలు ఉండవు. వెనుక కాళ్లతో ఎగిరి దూకుతుంది. అది మనిషిని కుట్టి, అక్కడే విసర్జిస్తుంది. ఆ విసర్జనలోనే రికెట్సియా టైఫీ అనే సూక్ష్మజీవి ఉంటుంది. దురద పుట్టి మనం గోకినప్పుడు అది చర్మంలోకి దిగుతుంది. అంటే రోగాన్ని లోపలికి పంపేది చాలాసార్లు మన గోళ్లే! ఈ సూక్ష్మజీవి వల్ల ఫ్లీ చావదు. ఎలుక కూడా జబ్బుపడినట్టు కనిపించదు. అందుచేత ముందుగా హెచ్చరిక ఏదీ అందదు.

గాదెలో ధాన్యం, మూలన ఎండిన ఇప్పపువ్వు నిల్వ ఉన్న ఇంట్లో ఎలుకలు ఉండకుండా ఉంటాయా? ఒకసారి మీ ఇంటిని గుర్తు చేసుకోండి.

కుట్టిన ఒకటి రెండు వారాలకు జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఒళ్లు నొప్పులు మొదలవుతాయి. కొన్ని రోజుల తరువాత ఛాతీ మీద, పొట్ట మీద సన్నని దద్దురు రావచ్చు. అందరికీ రాదు, వచ్చినా నల్లని చర్మం మీద సులభంగా కనిపించదు. అందువల్ల వైద్యుడు ఒంటిని చూసినంత మాత్రాన సరిపోదు. ఇంట్లో ఎలుకలు ఉన్నాయా, ఎక్కడ పడుకుంటారు, ఇంకెవరికైనా జ్వరం వచ్చిందా అని అడగాలి. అడగకపోయినా మీరే చెప్పండి. చంకలోనో, నడుము దగ్గరో కాలినట్టు నల్లని పొక్కు కట్టిన మచ్చ ఉంటే అదీ చూపించండి. అది స్క్రబ్ టైఫస్‌కు గుర్తు కావచ్చు. స్క్రబ్ టైఫస్ పొదల్లో ఉండే నల్లివంటి కీటకం పిల్లల వల్ల వస్తుంది.

రక్తపరీక్ష విషయంలో ఒక మెలిక ఉంది. 1916లో వైల్, ఫెలిక్స్ అనే శాస్త్రజ్ఞులు కనుగొన్న పరీక్ష ఇప్పటికీ చిన్న ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది. ఇది రోగక్రిమిని చూపదు. దానితో పోరాడటానికి శరీరం తయారు చేసుకున్న ప్రతిరక్షకాలను చూపుతుంది. అవి తగినంతగా తయారు కావడానికి వారం పైనే పడుతుంది. అంటే మూడోరోజు చేసిన పరీక్షలో 'లేదు' అని వస్తే, రోగం లేదని అర్థం కాదు. ఇంతకన్నా నమ్మదగిన పరీక్షలకు కూడా సాధారణంగా రెండుసార్లు, కొన్ని వారాల తేడాతో రక్తం తీయాలి. అన్నాళ్లు రోగిని మందు లేకుండా ఉంచకూడదు. అనుమానం బలంగా ఉంటే వైద్యుడు ఫలితం కోసం ఆగకుండానే చికిత్స మొదలుపెడతాడు.

ఆ మందు ఖరీదైనదేమీ కాదు, డాక్సీసైక్లిన్. పెద్దవారికి సాధారణంగా 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు. రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. దిగగానే మానకూడదు, వైద్యుడు చెప్పినన్ని రోజులూ వాడాలి. పెన్సిలిన్ జాతి మందులు దీని మీద పనిచేయవు. కాబట్టి ఏదో ఒక సూది వేయించుకుంటే చాలుననుకోవడం పొరపాటు. గర్భిణి అయితే ఆ సంగతి ముందే చెప్పాలి. ఆలస్యమైతే కొందరికి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినవచ్చు.

ఇదే ఎలుక ఫ్లీ ప్లేగును కూడా మోస్తుంది. ఆ సంగతిని 1898లో కరాచీలో పాల్ లూయీ సీమాండ్ కనుగొన్నాడు. మన దేశంలో 1994లో మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలోను, సూరత్ నగరంలోను, 2004లో ఉత్తరకాశీ జిల్లా దంగుడ్ గ్రామంలోను ప్లేగు కనిపించింది. ఇప్పుడు అది చాలా అరుదు. అయినా ఊళ్లో ఎలుకలు రాలిపడుతున్నా, జ్వరంతోపాటు గజ్జల్లో నొప్పిగా బిళ్ల కట్టినా ఆరోజే ఆసుపత్రికి తెలియజేయండి.

ఎలుకలను చంపడానికీ ఒక వరుస ఉంది. ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే దాని మీది ఫ్లీలు వేరే వెచ్చని ఒంటిని వెతుక్కుంటాయి. అది మీది కావచ్చు, మీ పిల్లలది కావచ్చు. కనుక ముందుగా ఆరోగ్య సిబ్బంది సలహాతో బొరియల దగ్గర, ఎలుకలు తిరిగే దారుల్లో కీటకనాశిని పొడి చల్లించండి. బోనులు, మందు ఆ తరువాతే. చచ్చిన ఎలుకను ఒట్టిచేత్తో ముట్టుకోకుండా, పొడవాటి కర్రతోనో పారతోనో ఎత్తి లోతుగా పాతిపెట్టండి.